చంద్రుడి పటంలో రంగులు ఎవరు వేశారు?

చంద్రుడి మీది ఖనిజాల పటం చూపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: “అవన్నీ కంప్యూటర్‌లో వేసిన రంగులే కదా!” ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఏ రంగు వాడాలో మనిషి ఎంచుకున్న మాట నిజమే. అది ఏ చోట పడాలో తేల్చింది మాత్రం ఎండ.

(తెరపై: కోనసీమ ఉపగ్రహ చిత్రం)

అమలాపురం చుట్టుపక్కల చూడండి. కొబ్బరితోటలు, వరిచేలు ఎర్రగా ఉన్నాయి. మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతిని పచ్చని ఆకు దండిగా వెనక్కి పంపుతుంది. ఈ చిత్రంలో ఆ కాంతికి ఎరుపు కేటాయించారు, అంతే. నీరు దాన్ని మింగేస్తుంది కాబట్టి రొయ్యల చెరువులు నల్లటి గళ్లలా కనిపిస్తున్నాయి.

ఒక్క వరిచేనునే పట్టుకుందాం. సార్వా ఊడ్పులప్పుడు మడి నిండా నీరే, కనుక నలుపు. పైరు కమ్ముకునేసరికి చిక్కటి ఎరుపు. చేను పండేకొద్దీ ఆకులో పత్రహరితం తగ్గి ఆ ఎరుపు వెలిసిపోతుంది. గట్టు మీద కాలు పెట్టకుండానే చేను ఏ దశలో ఉందో తెలిసిపోయింది!

చంద్రుడి మీద పైరు బదులు రాయి. కాంతి తరంగం పొడవును మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. పైరాక్సీన్ అనే ఖనిజం 1, 2 మైక్రాన్ల దగ్గర కాంతిని మింగుతుంది. చంద్రుడిలో మనం చూసే నల్లమచ్చలు ఈ ఖనిజం దండిగా ఉన్న బసాల్టు (లావా గడ్డకట్టిన రాయి) మైదానాలు. 2008లో బయలుదేరిన చంద్రయాన్-1 మీద చంద్రుడి ఖనిజాల పటం గీసే నాసా వారి ఎం3 పరికరం ఉండేది. 3 మైక్రాన్ల దగ్గర కాంతి తగ్గడాన్ని అది పట్టుకుంది. దాన్నిబట్టే అక్కడ నీరు, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంట) జాడ ఉందని 2009లో ప్రకటించారు. మన అంతరిక్ష ప్రయాణాల్లో ఇంతకన్నా అందమైన ఫలితం నాకు తెలియదు.

మళ్లీ మడి దగ్గరికే వద్దాం. ఊడ్పుల మడి నలుపు అన్నాను కదా, సూర్యుడూ ఉపగ్రహమూ అద్దం కోణంలో పడితే అదే మడి తళతళమంటుంది. నీరు మారలేదు, కోణం మారింది. చంద్రుడి నేలకూ కోణం ముఖ్యమే. సూర్యుడు మన వెనక ఉంటే అక్కడి నీడలు మన కంట పడవు. అందుకే పున్నమి చంద్రుడు అర్ధచంద్రుడికి రెట్టింపు కాదు, సుమారు 10 రెట్లు ప్రకాశిస్తాడు! కాబట్టి చిత్రాలన్నింటినీ ముందు ఒకే కోణానికి సరిచేస్తారు.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెబుతాను. 2 మైక్రాన్లు దాటాక చంద్రుడి సొంత వేడి కూడా కలుస్తుంది, దాన్ని తీసెయ్యాలి. అంగారకుడైతే గాలిలో దుమ్ము లెక్క కూడా తియ్యాలి. ఇక సౌరపవనం (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం), సూక్ష్మ ఉల్కల దెబ్బలకు చంద్రుడి నేల కాలక్రమంలో నల్లబడుతుంది. చంద్రుడి మీది టైకో బిలం చుట్టూ చారలు ఇంకా తెల్లగా ఉన్నాయంటే, ఆ బిలం మిగతా నేలకన్నా కొత్తది.