ఇంటికి తాళం వేసి విదేశాల్లో నెలల తరబడి: బరంపురం దంపతుల రివ్యూ

నమస్కారం అండీ. మాది గంజాం జిల్లా బరంపురం. మా ఆయన ఉద్యోగం నుంచి ముందుగానే రిటైర్‌మెంట్ తీసుకున్నారు. అమ్మాయి చదువు అయిపోయి ఉద్యోగంలో చేరింది. నా పట్టుచీరల వ్యాపారం తోటికోడలు చూసుకుంటానంది. అప్పుడు ఇద్దరం ఇంటికి తాళం వేసి మలేసియా, థాయ్‌లాండ్, వియత్నాం, బాలిలో అద్దె ఇళ్ళు తీసుకుని నెలల తరబడి ఉండి వచ్చాం. అలా ఉండటం ఎలా ఉంటుంది, ఖర్చు ఎక్కడ పెరుగుతుంది, ఎవరికి నప్పుతుంది, ఈ వీడియోలో చెబుతాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఒక ఊళ్ళో దిగితే కనీసం నెల కదలకండి. మూడు రోజులకో ఊరు మారితే డబ్బు నీళ్ళలా పోతుంది, ఒళ్ళు హూనమవుతుంది, చిన్న మాటకే ఇద్దరికీ గొడవ వస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి యాప్‌లలో 28 రాత్రులు దాటితే చాలా ఇళ్ళకు నెల రేటు పడుతుంది, రోజు రేటు కంటే బాగా తక్కువ. అంతకంటే చవక కావాలంటే ముందు వారం రోజులకే గది తీసుకుని, ఊళ్ళో నడుస్తూ బోర్డులు చూసుకుంటూ ఇల్లు వెతకాలి. వియత్నాంలోని డా నాంగ్‌లో మాకు ఇల్లు అలాగే దొరికింది. సముద్రానికి రెండు సందుల అవతల, మూడో అంతస్తు, చిన్న వంటగది. ఇల్లు చూసేటప్పుడు ముందు వంటగదిలో కుళాయి తిప్పి చూడండి, తర్వాత కరెంటు యూనిట్ రేటు అడగండి. ఏసీ బిల్లు విడిగా కట్టించుకునే ఇళ్ళు ఎక్కువ.

ఇంకొకటి కూడా అడగాలి. థాయ్‌లాండ్‌లో విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమిగ్రేషన్‌కు తెలపాలి, దాన్ని టీఎమ్30 అంటారు. వియత్నాంలో కూడా యజమానే పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. అది చేయనన్న ఇల్లు ఎంత చవకైనా మాకొద్దన్నాం.

నెల ఉంటే ఏమొస్తుందో ఈ క్లిప్‌లో చూడండి. ఇది డా నాంగ్‌లో మా వీధి చివర ఉండే పొద్దుటి బజారు. ఈవిడ ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని కూరగాయలు అమ్ముతుంది. మొదట్లో వేళ్ళు చూపించి బేరమాడుకునేవాళ్ళం. రెండో వారానికల్లా నేను రాగానే తూటికూర కట్ట తీసి పక్కన పెట్టేది. మన బరంపురంలో ఒడియా వాళ్ళు కళమ శాగ అంటారే, అదే కూర. డబ్బులిచ్చాక సంచిలో నాలుగు ఉల్లికాడలు, రెండు మిరపకాయలు కొసరు వేస్తుంది. ఆ కొసరు వెయ్యడం అక్కడ మామూలేనట. నాకు మాత్రం ఆ పూట నుంచే ఆ ఊళ్ళో అడుగు నిలిచినట్టు అనిపించింది. మర్నాడు ఊరు మారేవాళ్ళకు ఇది దొరకదు.

భాష సంగతి చాలామంది అడుగుతారు. మనలాంటి సరిహద్దు జిల్లాల వాళ్ళకు ఈ భయం తక్కువే ఉండాలి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రైల్వే స్టేషన్‌లో హిందీ. పుట్టిన దగ్గర్నుంచీ ఎదుటివాడి భాషలో పని జరుపుకోవడం మనకు అలవాటే. సిరోంచ, ధర్మాబాద్ వైపు మహారాష్ట్రలో ఉన్న తెలుగువాళ్ళూ ఇంతే. అంకెలు, ధర ఎంత, చాలు, కారం వద్దు, ఈ నాలుగూ నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

తిండి. శాకాహారులకు వియత్నాం కష్టమని చాలా చోట్ల విన్నాను. నా అనుభవం వేరు. చేపల సాస్ అన్నిట్లో పడుతుంది, అది నిజమే. కానీ అక్కడ చాలామంది బౌద్ధులు చాంద్రమాసంలో మొదటి రోజు, పౌర్ణమి రోజు మాంసం ముట్టరు. అందుకని ప్రతి పేటలోనూ శాకాహార హోటల్ ఒకటైనా ఉంటుంది, బోర్డు మీద ‘చాయ్’ అని రాసి ఉంటుంది. పౌర్ణమి నాడు ఆ హోటళ్ళు కిటకిటలాడతాయి. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని ఉంటే అక్కడ నిశ్చింతగా తినొచ్చు. మలేసియాలో అసలు బెంగే లేదు, అరిటాకు భోజనం, కరివేపాకు, చింతపండు అన్నీ దొరుకుతాయి. ఇంటి నుంచి నేను తీసుకెళ్ళినవి ఇంగువ, మినప అప్పడాలు, ఆవకాయ, ఒక చిన్న కుక్కర్. కుక్కర్ లేకుండా మాత్రం వెళ్ళకండి.

వీసాలు త్వరగా చెబుతాను. మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి మనకు 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది, బయలుదేరే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. థాయ్‌లాండ్ 2024 జూలైలో 60 రోజుల సడలింపు ఇచ్చింది, 2025 మే నుంచి అక్కడా డిజిటల్ కార్డు పెట్టారు. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి 90 రోజులకు ఇస్తున్నారు, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు. బాలిలో వీసా ఆన్ అరైవల్ 30 రోజులు, ఐదు లక్షల ఇండోనేషియా రూపియా, ఇంకో 30 రోజులకు ఒకసారి పొడిగించుకోవచ్చు. పైగా బాలికి విడిగా లక్షన్నర రూపియా టూరిస్టు పన్ను ఉంది. ఇవి ఎప్పుడైనా మారతాయి కాబట్టి టికెట్ కొనే రోజునే ఆ దేశపు అధికారిక సైట్ చూడండి. లాప్‌టాప్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉండాలనుకునే కుర్రవాళ్ళు టూరిస్టు వీసా మీద ఆ పని పెట్టుకోవద్దు. థాయ్‌లాండ్ డీటీవీ అని విడిగా వీసా ఇస్తోంది, ఐదేళ్ళు చెల్లుతుంది, ఖాతాలో ఐదు లక్షల బాట్లు చూపించాలి.

ఇప్పుడు చెప్పేది దయచేసి పూర్తిగా వినండి. స్కూటర్ గురించి. మన ఆర్‌టీఓ ఆఫీసులో వెయ్యి రూపాయలకు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. థాయ్‌లాండ్‌లో చెల్లుతుంది. వియత్నాం 1968 వియన్నా ఒప్పందపు పర్మిట్‌నే ఒప్పుకుంటుంది, అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. అద్దె షాపువాళ్ళు ఏమీ అడగకుండా బండి తాళం చేతిలో పెట్టేస్తారు. దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్ళాక ఇన్సూరెన్స్ కంపెనీ లైసెన్స్ అడుగుతుంది. చెల్లే లైసెన్స్ లేకపోతే క్లెయిమ్ రాదు. డా నాంగ్‌లో మా పక్క గదిలో ఉన్న ఒక యువజంట ఇలాగే కాలు విరిగి, ఖర్చంతా చేతి నుంచి పెట్టుకున్నారు. ఆ అమ్మాయి ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేయడం నేను చూశాను. అక్కడ యాప్‌లో బైక్ టాక్సీ చాలా చవక, దాంట్లో తిరగండి.

ఇన్సూరెన్స్ కొనేటప్పుడు ఇంకో సంగతి. ఏడాదికి సరిపడా మల్టీ-ట్రిప్ పాలసీ చవగ్గా కనిపిస్తుంది గానీ, అందులో ఒక్కో ప్రయాణానికి ఇన్ని రోజులే అని పరిమితి ఉంటుంది. నెలల తరబడి ఉండేవాళ్ళు ఒకే పొడవైన ప్రయాణానికి తీసుకోవాలి, అదీ ఇండియాలో ఉండగానే. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. మా ఆయనకు బీపీ ఉంది. డాక్టర్ చీటీలో మందు కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకున్నాం, ఎందుకంటే మన బ్రాండ్లు అక్కడి షాపుల్లో ఉండవు. ఆయనకు ఒకసారి జ్వరం వచ్చి చిన్న క్లినిక్‌లో చూపిస్తే ముందు డబ్బు కట్టమన్నారు, తర్వాత బిల్లులు పంపి తెప్పించుకున్నాం. కాబట్టి కార్డులో కొంత డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచండి. చాలా బ్యాంకు కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా పట్టుకుంటాయి, ఆ చార్జీ లేని కార్డు ముందే తీసుకోండి. థాయ్ ఏటీఎమ్‌లో తీసిన ప్రతిసారీ 220 బాట్లో అంతకంటే ఎక్కువో పోతుంది, అందుకని తీసేది ఒక్కసారే ఎక్కువగా తీయాలి.

ఇల్లు వదిలి వెళ్ళడం గురించి మన వైపు వాళ్ళకు వేరే లెక్క ఉంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఆ రాత్రి చూసినవాళ్ళెవరూ అక్టోబర్‌లో ఇంటికి తాళం వేసి వెళ్ళలేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర దాటింది. అందుకని ఆశ్వయుజం, కార్తీకం మేం బరంపురంలోనే ఉంటాం. పైగా మధ్య వియత్నాంలో కూడా ఆ నెలల్లోనే వరదలు, హోయ్ ఆన్ వీధుల్లో పడవలు నడుస్తాయి. డిసెంబర్, జనవరి థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌కి మంచివి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా అక్కడికి వెళ్ళకండి, పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగతో ఊపిరి ఆడదు. మార్చి నుంచి మే డా నాంగ్, జూన్ నుంచి ఆగస్టు బాలి. ఇంటి తాళంచెవి ఎదురింటి పిన్ని దగ్గర ఉంచి, ట్యాంకు మూత తాడుతో కట్టించి, గ్యాస్ రెగ్యులేటర్ తీసి వెళ్తాం. ఇండియా సిమ్‌కు రోమింగ్ ఆన్ చేసుకోవడం మరవకండి, ఓటీపీ రాకపోతే బ్యాంకు పని ఏదీ జరగదు.

ఇక మా ఇద్దరి సంగతి. ఇంట్లో ఆయన ఆఫీసు ఆయనది, నా షాపు నాది, రాత్రి భోజనం దగ్గరే కలిసేవాళ్ళం. అక్కడ ఒక్క గది, రోజంతా ఎదురెదురుగా. ఇది అంత తేలికైన విషయం కాదు. పొద్దున్న పది నుంచి ఒంటి గంట దాకా ఎవరి దారి వారిది అని పెట్టుకున్నాం. ఆయన లైబ్రరీకో కాఫీ షాపుకో వెళ్తారు, నేను బజారుకు, గుళ్ళకు, మగ్గాలు ఉన్న చోట్లకు. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరికీ చెప్పుకోవడానికి కబుర్లు ఉంటాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత మాట్లాడటం నేను వినలేదు. అత్తయ్య మా మరిది దగ్గర ఉంటుంది, రోజూ సాయంత్రం వీడియో కాల్. ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకునే మనిషి ఖాయంగా లేకపోతే ఈ ప్రయాణం పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

మనసుకు దగ్గరైన చోట్లు రెండు చెబుతాను. డా నాంగ్ నుంచి వెళ్ళొచ్చే మీసన్ ఆలయాలు, అక్కడి పాత చాంపా రాజ్యపు రాజులు శివుడికి కట్టించినవి. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. మన పురావస్తు శాఖవాళ్ళు అక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో ఇసుకరాతి ఏకశిలా లింగం బయటపడింది. రెండోది మలేసియాలో పెరాక్ రాష్ట్రం, బగాన్ డాతుక్ వైపు. ఒకప్పుడు మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి కొబ్బరి తోటల పనికి వెళ్ళినవాళ్ళ మనవలూ మునిమనవలూ అక్కడున్నారు. ఒక పెద్దావిడ నా చీర చూసి, ‘ఏ ఊరమ్మా మీది?’ అని తెలుగులో అడిగింది. గంజాం అంటే, వాళ్ళ తాతల నోట గోపాలపూర్ రేవు పేరు విన్నానంది. మా ఊరికి పదహారు కిలోమీటర్ల రేవు అది, ఒకప్పుడు రంగూన్ వెళ్ళే ఓడలు అక్కడి నుంచే. గంటసేపు ఆవిడ అరుగు మీదే కూర్చుండిపోయాను.

ఊళ్ళలో నా వరస: మలేసియాలోని పెనాంగ్, డా నాంగ్, చియాంగ్ మాయ్, చివర బాలి. బాలి అందమైనదే, కానీ దక్షిణాన చాంగూ వైపు ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది. ఉండాలంటే సానూర్‌లో ఉండండి. మొదటిసారి వెళ్ళే దంపతులు పెనాంగ్‌లో ఒక నెలతో మొదలుపెట్టండి, డిసెంబర్, జనవరిలో అక్కడ వానలు తక్కువ. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉందో లేదో ఈరోజే తీసి చూసుకోండి.