కోరస్ ముందు, గాయకుడు వెనుక

అందరికీ నమస్కారం.

ఇప్పుడు మీరు విన్నది రే చార్లెస్ 1962లో పాడిన ‘ఐ కాన్ట్ స్టాప్ లవింగ్ యూ’. పల్లవి ఎత్తుకున్నది ఎవరో గమనించారా? రే చార్లెస్ కాదు, కోరస్. సగం పాదం వాళ్లు పాడతారు, మిగతా సగం ఆయన పూర్తిచేస్తాడు. మన భజనల్లో ముందు ఒకరు పాడితే గుంపు అందుకుంటుంది. ఇక్కడ ఆ వరస తిరగబడింది. చివరికొచ్చేసరికి ‘పాడండి పిల్లలూ’ అంటూ ఆయనే పాటను వాళ్ల చేతికిచ్చేస్తాడు.

ఈ పాట రాసింది డాన్ గిబ్సన్, 1957లో. కంట్రీ పాట, అంటే ఆ రోజుల్లో అమెరికాలో తెల్లవాళ్ల పాట. ఫ్లోరిడాలో పెరిగిన నల్లజాతి పిల్లవాడు రే చార్లెస్ శనివారం రాత్రుళ్లు రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ పాటల కార్యక్రమం విని ఆ పాటల్ని మనసులో దాచుకున్నాడు. పెద్దయ్యాక అలాంటివి ఏరి ఒక ఆల్బమ్ చేశాడు. ఈ పాటకు వయొలిన్లు, కోరస్ కూర్చింది మార్టీ పైచ్ అనే జాజ్ పియానిస్టు. అమెరికాలో ఈ పాట ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. మార్టీ పైచ్ పేరు మాత్రం ఎంతమందికి తెలుసు?

ఇలా వయొలిన్లు, కోరస్‌తో మెత్తగా సాగే పాటల్ని ఈజీ లిజనింగ్ అంటారు. ఆ పేరు అనగానే సంగీతం తెలిసినవాళ్లు మొహం చిట్లిస్తారు. లిఫ్టులో మోగే పాట, పంచదార పాకం అంటారు. ఆ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. గాయకుడికి ఎక్కడ తోడు రావాలో, ఎక్కడ తప్పుకోవాలో తెలిసి రాయడం చిన్న విద్య కాదు.

1950ల మధ్యలో రాక్ అండ్ రోల్ ధాటికి కంట్రీ రికార్డుల అమ్మకాలు దెబ్బతిన్నాయి. అప్పుడు కంట్రీ పాటల కేంద్రమైన నాష్‌విల్‌లో చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ అనే రికార్డు నిర్మాతలు పల్లెటూరి బాణీలో వాయించే ఫిడేలునీ స్టీల్ గిటారునీ పక్కకు జరిపి, గుంపుగా మెత్తగా మోగే వయొలిన్లనీ హమ్మింగ్‌నీ తెచ్చారు. ఆ హమ్మింగ్‌లో చాలా భాగం అనిటా కెర్ బృందానిది. ఉన్నది నలుగురే. పాడటంతో పాటు కూర్చిందీ ఆవిడే. కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ మైకుకి బాగా దగ్గరగా వచ్చి, చెవిలో చెప్పినట్టు పాడతాడు. మన దేశంలో ఆంగ్లో ఇండియన్ల ఇళ్లలో ఎంతో ఇష్టంగా విన్న గొంతు అది. అంత మెల్లని గొంతు వెనక నలుగురు పాడాలంటే, వాళ్లు ఇంకెంత మెల్లగా పాడాలో ఊహించండి.

అన్నీ బాగున్నాయని నేను అనను. కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ 1953 జనవరి 1న పోయాడు. తర్వాత 1960ల్లో ఆయన పాత రికార్డుల మీద వయొలిన్లు అతికి అమ్మారు. ఆయన వాటిని వినలేదు కనుక వాటికి బదులివ్వలేదు. నాకది వినబుద్ధి కాదు.

కంట్రీ గాయని పాట్సీ క్లైన్ ‘క్రేజీ’ని కూడా రెండు విడతల్లోనే రికార్డు చేశారు. కారు ప్రమాదంలో పక్కటెముకలు దెబ్బతిని, 1961 ఆగస్టులో మొదటి రోజు ఆవిడ గొంతు పైస్థాయి అందుకోలేకపోయింది. వాద్యాలు ముందే రికార్డు చేసి పెట్టారు. కొన్నాళ్లకు వచ్చి, వాటిని వింటూ పాడింది. ఫ్లాయిడ్ క్రేమర్ పియానో ఒక మాట అని ఆగితే, ఆవిడ మరో మాట అందుకుంటుంది. వేర్వేరు రోజుల్లో రికార్డు చేశారంటే నమ్మలేం.

వాద్యబృందం నడిపిన రే కానిఫ్ ఇంకో దారి పట్టాడు. మాటలే తీసేసి ఆడగొంతుల్ని ట్రంపెట్లతో, మగగొంతుల్ని ట్రాంబోన్లతో కలిపాడు. ఏది గొంతో, ఏది వాద్యమో పోల్చుకోవడం కష్టం. ఆయన గురించి విడిగా ఒక సాయంత్రం మాట్లాడుకోవాలి.

మొదట వేసిన పాటే మళ్లీ వేస్తున్నాను. ఈసారి రే చార్లెస్‌ని వదిలేసి, ఆయన ఊపిరి తీసుకునే చోట వయొలిన్లు ఏం చేస్తున్నాయో వినండి.