పరికరంలో ఒక లైబ్రరీ, మన దగ్గర ఇంకొకటి

మిత్రులందరికీ నమస్కారం. ఎంబెడెడ్ పరికరాల్లో నడిచే ప్రోగ్రాములను దూరం నుంచి డీబగ్ చేయడం గురించి, అందులోనూ షేర్డ్ లైబ్రరీల (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్ల) దగ్గర వచ్చే చిక్కుల గురించి మాట్లాడమన్నారు. బ్రేక్‌పాయింట్ పెట్టడం, వేరియబుల్ చూడడం మీకందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. పరికరంలో జీడీబీసర్వర్ అనే చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. అది కెర్నెల్‌ను అడిగి రిజిస్టర్లు, మెమరీ చదువుతుంది, ప్రోగ్రామును ఆపుతుంది, కదిలిస్తుంది. ఫలానా చిరునామాలో ఏ ఫంక్షన్ ఉంది, అది ఏ ఫైలులో ఎన్నో లైను అన్నది దానికి పట్టదు. అవన్నీ చెప్పాల్సింది మన కంప్యూటర్‌లోని జీడీబీ అనే డీబగ్గర్. అంటే మెమరీ పరికరానిది, దానికి అర్థం చెప్పేవి మన దగ్గరి ఫైళ్లు. రెండూ ఒకే బిల్డ్‌వి కాకపోతే డీబగ్గర్ అబద్ధాలు చెబుతుంది. లైను నంబర్లతో సహా, తడుముకోకుండా చెబుతుంది.

ఆ అబద్ధం ఎలా ఉంటుందంటే, లైబ్రరీలో ఒక లాగ్ లైను చేర్చి మళ్లీ బిల్డ్ చేశారనుకోండి. దాన్ని పరికరంలోకి కాపీ చేయలేదు. ప్రోగ్రాము కూలింది. బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితా, తీస్తే, కూలింది ఏ పనీ జరగని ముగింపు బ్రాకెట్ దగ్గర అని వస్తుంది. పదుల్లో ఉండాల్సిన బఫర్ పొడవు కోట్లలో కనిపిస్తుంది. పిలిచిందంటున్న ఫంక్షన్‌లో ఆ పిలుపే ఉండదు. ఇది చూసి చాలామంది స్టాక్ పాడైందని తీర్మానించి, మెమరీని ఎవరు తొక్కేశారో వెతకడం మొదలుపెడతారు. స్టాక్ నిక్షేపంగా ఉంది. మనం ఒక ఊరి వీధుల్లో నడుస్తూ ఇంకో ఊరి పటం చూస్తున్నాం, అంతే.

ఏ లైబ్రరీ ఎక్కడ లోడైందో జీడీబీకి ఎలా తెలుస్తుంది? ప్రోగ్రాము నడిచేటప్పుడు లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే డైనమిక్ లింకర్, తాను లోడ్ చేసిన లైబ్రరీలన్నిటికీ లింక్ మ్యాప్ అనే జాబితా ఉంచుతుంది. లోడైన చోటు, ఫైలు పేరు, తర్వాతి దానికి పాయింటర్ అందులో ఉంటాయి. ఆ జాబితా మారేటప్పుడు లింకర్ ఒక ఖాళీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అది పుట్టిందే డీబగ్గర్ల కోసం. జీడీబీ అక్కడ మనకు చూపించకుండా ఒక బ్రేక్‌పాయింట్ పెట్టుకుని కాచుకుంటుంది. ఇప్పటి జీలిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీలో) ఇదే పనికి ప్రోబ్‌లు, అంటే కోడ్‌లో ముందే ఉంచిన గుర్తులు, కూడా వచ్చాయి. డీఎల్‌ఓపెన్ అనే పిలుపుతో ప్రోగ్రాము నడుస్తుండగా వచ్చి చేరే ప్లగిన్ ఫంక్షన్‌పై ముందే పెండింగ్ బ్రేక్‌పాయింట్ పెట్టగలుగుతున్నామంటే ఈ ఏర్పాటు వల్లే.

ఆ జాబితాలో దొరికేది పేరూ చిరునామా మాత్రమే. ఒకప్పుడు సిస్‌రూట్, అంటే పరికరం ఫైళ్ల నకలు ఉన్న డైరెక్టరీ, ఏదో చెప్పకపోతే, అదే పేరుతో మన కంప్యూటర్‌లో ఉన్న సీ లైబ్రరీ లిబ్‌సీని జీడీబీ తెరిచేసేది. 2015లో వచ్చిన 7.10 వెర్షన్ నుంచి ఫైళ్లను పరికరం నుంచే తెచ్చుకుంటోంది. మేలే, కానీ అక్కడి ఫైళ్లు సాధారణంగా స్ట్రిప్ చేసినవి, అంటే సింబల్స్ (ఫంక్షన్ల, వేరియబుళ్ల పేర్లు), లైను నంబర్లు తీసేసినవి. పైగా 1,15,200 బాడ్ సీరియల్ లైను మీద సెకనుకు 11,520 బైట్లకు మించి రావు. 20 లక్షల బైట్ల లైబ్రరీ ఒక్కటి రావడానికే మూడు నిమిషాలు పడుతుంది.

అందుకని సిస్‌రూట్‌గా స్ట్రిప్ చేయని ఫైళ్ల చెట్టును చూపించాలి. పరికరం కోసం లినక్స్ తయారుచేసే బిల్డ్‌రూట్ వాడేవాళ్లు టార్గెట్ డైరెక్టరీని కాకుండా స్టేజింగ్‌ను ఇవ్వాలి. అలాంటిదే అయిన యోక్టోలో డీబగ్ ప్యాకేజీలు విడిగా వస్తాయి. ఆ తర్వాత బిల్డ్ ఐడీ సరిపోల్చండి. బిల్డ్ సమయంలో లింకర్ ప్రతి లైబ్రరీలో వేసే ఈ ముద్ర సాధారణంగా 20 బైట్లు, అంటే 40 హెక్స్ అంకెలు. స్ట్రిప్ చేసినా చెదరదు. రీడ్‌ఎల్ఫ్ అనే సాధనంతో రెండు వైపులా చూడడానికి అర నిమిషం చాలు. వెర్షన్ నంబరును, ఫైలు తేదీని నేను సాక్ష్యంగా ఒప్పుకోను.

స్ట్రిప్ విషయంలో ఆర్మ్ 32 బిట్ ప్రాసెసర్లకు ఒక ప్రత్యేక గండం ఉంది. అక్కడ కోడ్ ఆర్మ్, థంబ్ అని రెండు రకాలు. ఏది ఎక్కడ మొదలవుతుందో చెప్పే సింబల్స్‌ను డైనమిక్ లింకర్ నుంచి పూర్తిగా తీసేస్తే, జీడీబీ థంబ్ కోడ్ మధ్యలో ఆర్మ్ బ్రేక్‌పాయింట్ పెట్టే ప్రమాదం ఉంది. మామూలుగా చక్కగా నడిచే ప్రోగ్రాము డీబగ్గర్ తగిలించగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ చచ్చిపోతుంది. థ్రెడ్ల లైబ్రరీని స్ట్రిప్ చేసినా ఇలాంటి గొడవే ఉండేది. 2021లో జీలిబ్‌సీ 2.34 దాన్ని లిబ్‌సీలోనే కలిపేసింది కాబట్టి ఇప్పుడు లిబ్‌సీ సింబల్స్‌ను కాపాడుకోవాలి.

ఒక్కోసారి డీబగ్గర్ తగిలించే వీలుండదు, లాగ్‌లో కూలిన చిరునామా మాత్రం మిగులుతుంది. అది హెక్స్‌లో 76924358 అనుకుందాం. ప్రోసెస్ మ్యాప్స్‌లో, అంటే మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే జాబితాలో, ఆ లైబ్రరీ మొదటి లైను 76921000 దగ్గర మొదలైతే, తీసివేయగా 3358. సింబల్స్ ఉన్న లైబ్రరీతో పాటు ఈ సంఖ్యను యాడర్2లైన్ అనే సాధనానికి ఇస్తే లైను చెబుతుంది. తీసివేయాల్సింది లైబ్రరీ మొదటి లైను చిరునామాను. ఎగ్జిక్యూట్ అనుమతి ఉన్న లైనుది కాదు. ఆ రెండింటినీ తారుమారు చేస్తే మళ్లీ ఇందాకటి అబద్ధాల్లోకే వెళ్తాం.

బోర్డును ముట్టుకునే ముందు ఇంకో రెండు మాటలు. జీడీబీసర్వర్‌కు పాస్‌వర్డ్ లేదు, తాళం లేదు. ఆ పోర్టును అందుకోగలిగినవాళ్లు పరికరంలో ఏమైనా నడిపించగలరు, కనుక దాన్ని ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ వెనకే ఉంచండి. వాచ్‌డాగ్ అంటే గడువులోగా సంకేతం అందకపోతే పరికరాన్ని రీబూట్ చేసే టైమర్. దాన్ని పోషించే పని మీ ప్రోగ్రాముదే అయితే, బ్రేక్‌పాయింట్ దగ్గర మీరు ఆలోచిస్తుండగా గడువు దాటి పరికరం రీబూట్ అవుతుంది. డీబగ్ బిల్డ్‌లో వాచ్‌డాగ్‌ను ఆపేసుకోండి. కొన్ని చిప్‌లలో ఒకసారి మొదలైనది ఆగదు, కాబట్టి మొదలు కాకుండానే చూసుకోవాలి.