రెండు భాషల సరిహద్దులో ఆర్గ్యుమెంట్లు

సభకు నమస్కారం.

పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము సీ భాషలో రాసిన ఫంక్షన్‌ను పిలిచినప్పుడు, ఆ పిలుపు వెంట వెళ్లే విలువలు, అంటే ఆర్గ్యుమెంట్లు, ఏ రూపంలో బయలుదేరి ఏ రూపంలో చేరుతాయన్నది ఈనాటి నా ప్రసంగ విషయం. ఇది కంపైలర్లు (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనాలు) రాసేవారికి మాత్రమే పనికొచ్చే మారుమూల సంగతి అని చాలామంది అనుకుంటారు. నిజానికి నంపై, సైపై అనే పైథాన్ గణిత లైబ్రరీలు వాడే ప్రతి విద్యార్థీ తనకు తెలియకుండానే ఈ సరిహద్దును రోజూ దాటుతుంటాడు.

అన్నిటికన్నా ముందు గ్రహించవలసింది ఒకటుంది. కంపైల్ అయిన సీ ఫంక్షన్‌లో ఆర్గ్యుమెంట్ల రకాల గురించిన సమాచారం ఏదీ మిగలదు. డీబగ్ వివరాలను పక్కన పెడితే, షేర్డ్ లైబ్రరీలో (ప్రోగ్రాములు పంచుకునే, కంపైల్ అయిన ఫైల్‌లో) బయటికి కనిపించేది ఆ ఫంక్షన్ పేరు, అది మొదలయ్యే చిరునామా, అంతే. ఆ చిరునామాకు దూకే ముందు ఏ విలువను ఎక్కడ ఉంచాలన్నది ప్రాసెసర్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కలిపి కుదిరిన ఒక ఒప్పందం. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాలపై లైనక్స్ పాటించే ఒప్పందంలో మొదటి ఆరు పూర్ణాంకాలు లేదా పాయింటర్లు (మెమరీ చిరునామాలు) వరుసగా ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్‌8, ఆర్‌9 అనే రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గదుల్లో, వెళ్తాయి. ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) సంఖ్యలకు ఎక్స్‌ఎంఎం0 నుంచి ఎక్స్‌ఎంఎం7 వరకు వేరే వరుస ఉంది. అదే యంత్రంపై విండోస్ ఒప్పందం వేరు: అక్కడ రిజిస్టర్లలో వెళ్లేవి మొదటి నాలుగు ఆర్గ్యుమెంట్లే, మిగిలినవి స్టాక్ అనే మెమరీ భాగం మీదకు చేరుతాయి.

పైథాన్ 2.5తో పాటు 2006లో ప్రామాణిక లైబ్రరీలో చేరిన, పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలవనిచ్చే సీటైప్స్ మాడ్యూల్‌తో గణిత లైబ్రరీలోని వర్గమూలం ఫంక్షన్‌ను పిలుద్దాం. ఆ ఫంక్షన్ ఒక డబుల్‌ను (64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను) తీసుకొని మరో డబుల్‌ను తిరిగి ఇస్తుంది. రకాలు ఏవీ ప్రకటించకుండా దానికి పైథాన్ పూర్ణాంకం 2ను ఇచ్చామనుకోండి. సీటైప్స్ దానిని సీ భాషలోని ఇంట్‌గా భావించి ఆర్‌డీఐలో పెడుతుంది. ఫంక్షన్ మాత్రం ఎక్స్‌ఎంఎం0ను చదువుతుంది. అంతకుముందు జరిగిన ఏదో లెక్క తాలూకు విలువ అక్కడ మిగిలి ఉంటుంది, దానికే వర్గమూలం కడుతుంది. ఆర్గ్యుమెంట్‌ను డబుల్‌గా సరిగ్గానే పంపి, ఫలితం రకాన్ని చెప్పడం మరచినా గండం తప్పదు. 1.414 అనే సరైన జవాబు ఎక్స్‌ఎంఎం0లో సిద్ధంగా ఉన్నా, సీటైప్స్ పూర్ణాంకాల ఫలితాలుండే రిజిస్టర్‌ను చదివి, అక్కడున్న అర్థంలేని సంఖ్యను మన చేతిలో పెడుతుంది.

చెప్పనప్పుడు ఫలితం ఇంట్ అనుకోవడం పాత సీ సంప్రదాయం. డిక్లరేషన్ లేని ఫంక్షన్‌ను అలా భావించడాన్ని సీ ప్రమాణం 1999లోనే తొలగించింది. సీటైప్స్‌లో అది ఇంకా మిగిలి ఉండడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం; రకం చెప్పని ఫంక్షన్‌ను పిలవనివ్వకపోవడమే మేలు. దీనివల్ల ఎక్కువగా దెబ్బతినేవి పాయింటర్లు. 64 బిట్ల చిరునామాను 32 బిట్ల ఇంట్‌గా చదివితే పై సగం ఊడిపోతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. ప్రోగ్రాము ఆ పిలుపు దగ్గర కాకుండా, ఎన్నో వరుసల తర్వాత ఆ పాయింటర్‌ను వాడిన చోట కుప్పకూలుతుంది. మనం తప్పును అక్కడ వెతుకుతూ కూర్చుంటాం.

స్ట్రింగ్‌ల, అంటే అక్షరాల వరుసల, విషయంలో మన భాష ఈ సమస్యను బాగా బయటపెడుతుంది. 'తెలుగు' అనే మాట పొడవు ఎంత అని పైథాన్‌ను అడిగితే 6 అంటుంది: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (హల్లుకో గుర్తుకో కేటాయించిన సంఖ్య) ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కనుక ఆ మాట 18 బైట్లు. ముందుగా దానిని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి, పొడవు కొలిచే సీ ఫంక్షన్ స్ట్ర్‌లెన్‌కు పంపితే 18 అనే జవాబు వస్తుంది. మార్చకుండా, రకాలు ప్రకటించకుండా, స్ట్రింగ్‌నే నేరుగా పంపితే? లైనక్స్‌పై 2, విండోస్‌పై 12 వస్తాయి. అలాంటప్పుడు సీటైప్స్ స్ట్రింగ్‌ను వైడ్ క్యారెక్టర్ల వరుసగా పంపుతుంది. లైనక్స్‌లో అటువంటి క్యారెక్టర్ 4 బైట్లు. 'త' కోడ్ పాయింట్‌లో మొదటి రెండు బైట్ల తర్వాత సున్నా బైటు వస్తుంది, దానినే ముగింపుగా తీసుకునే స్ట్ర్‌లెన్ అక్కడే ఆగిపోతుంది. విండోస్‌లో 2 బైట్లు కనుక మధ్యలో సున్నా తగలక చివరిదాకా సాగుతుంది. ఒకే పిలుపుకు మూడు జవాబులు, ఒక్క హెచ్చరికా లేదు. ఇక సీ వైపు పొడవుకు 10 బైట్ల హద్దు పెట్టి స్ట్రింగ్‌ను కత్తిరిస్తే నాలుగో కోడ్ పాయింట్ మొదటి బైటు దగ్గర తెగిపోతుంది, దానిని తిరిగి చదవబోయిన పైథాన్ డీకోడ్ లోపం చూపుతుంది.

మెమరీ ఎవరిదన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. సీ ఫంక్షన్ కొత్తగా మెమరీ కేటాయించి స్ట్రింగ్ పాయింటర్‌ను ఇచ్చినప్పుడు, ఫలితాన్ని క్యారెక్టర్ పాయింటర్ రకంగా ప్రకటిస్తే సీటైప్స్ ఆ బైట్లను నకలు చేసి ఇస్తుంది. అసలు చిరునామా మన చేతికి రాదు కనుక ఆ మెమరీని విడుదల చేసే దారి ఉండదు. దానిని వాయిడ్ (రకం చెప్పని) పాయింటర్‌గా తీసుకొని, చదువుకొని, ఆ లైబ్రరీ చెప్పిన ఫంక్షన్‌తోనే విడుదల చేయాలి. దీనికి ఎదురుదిశలోనూ జాగ్రత్త కావాలి: పైథాన్ ఫంక్షన్‌ను కాల్‌బ్యాక్‌గా (సీ వైపు తిరిగి పిలిచేదిగా) ఇస్తే, సీ వైపు దాని అవసరం తీరేదాకా ఆ కాల్‌బ్యాక్ ఆబ్జెక్ట్‌ను పైథాన్‌లో ఏదో ఒక పేరుకు కట్టి ఉంచాలి, లేకపోతే పైథాన్ దానిని చెత్తగా భావించి తొలగిస్తుంది.

శాస్త్రీయ లెక్కలకు వాడే పాత భాష ఫోర్ట్రాన్ దగ్గరకు వద్దాం. సంప్రదాయ ఫోర్ట్రాన్ ఆర్గ్యుమెంట్ల విలువలను కాక చిరునామాలను పంపుతుంది; మాత్రికను నిలువు వరుసల క్రమంలో దాస్తుంది; ప్రతి స్ట్రింగ్‌కూ కనిపించని నిడివి ఆర్గ్యుమెంట్ ఒకటి చివర చేరుస్తుంది. మాత్రికల లెక్కల లైబ్రరీ లాప్యాక్‌లోని ఎన్నో ఫంక్షన్లు 'యు', 'ఎల్' వంటి ఒంటి అక్షరాలను తీసుకుంటాయి. నిడివి ఎలాగూ 1 కదా అని, సీ నుంచి పిలిచేవారు ఆ ఆర్గ్యుమెంట్‌ను ఏళ్ల తరబడి వదిలేశారు, పని కూడా నడిచింది. 2019లో జీఫోర్ట్రాన్ కంపైలర్ చేసే ఒక ఆప్టిమైజేషన్ వల్ల, లోపలి ఫంక్షన్‌కు నిడివిని అందించే క్రమంలో, పిలిచినవారు కేటాయించనే లేని స్టాక్ స్థలంలోకి రాత జరిగింది; గణాంకాలకు వాడే ఆర్ భాషలో లెక్కలు చెడిపోయాయి. కంపైలర్‌లో దీనికి తాత్కాలిక సర్దుబాటు చేర్చారు, నిడివిని సరిగ్గా పంపాలని ఆర్ ప్యాకేజీలు రాసేవారికి సూచన వెళ్లింది. ఫోర్ట్రాన్ 2003 ప్రమాణం సీతో కలిసి పనిచేయడానికి ఇచ్చిన బైండ్ సీ ప్రకటనను వాడితే ఈ దాపరికం చాలావరకు తప్పుతుంది.

కనుక పిలిచే ప్రతి ఫంక్షన్‌కూ ఆర్గ్‌టైప్స్ (ఆర్గ్యుమెంట్ల రకాలు), రెస్‌టైప్ (ఫలితం రకం) రెండింటినీ, సీ డిక్లరేషన్లు ఉండే హెడర్ ఫైల్‌ను పక్కన పెట్టుకొని, ఒకే ఫైల్‌లో రాయండి. మిగతా ప్రోగ్రామంతా ఆ ఫైల్ ద్వారానే సీ వైపు వెళ్లాలి. లాంగ్ అనే రకం 64 బిట్ల లైనక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4 బైట్లు కనుక, వీలైన చోట పరిమాణం పేరులోనే ఉన్న రకాలను ఎంచుకోండి. పరీక్షలు రాసేటప్పుడు సులువైన విలువలు తీసుకోకండి. ఆంగ్ల అక్షరాలు బైట్లకూ అక్షరాలకూ మధ్య తేడాను దాచేస్తాయి. సౌష్ఠవ మాత్రిక అడ్డు, నిలువు క్రమాల తారుమారును దాచేస్తుంది. చిన్న సంఖ్య 32 బిట్ల కోతను దాచేస్తుంది. తెలుగు వాక్యం ఒకటి, 2 అడ్డు వరుసలూ 3 నిలువు వరుసలూ ఉన్న మాత్రిక ఒకటి, 32 బిట్లలో పట్టని పూర్ణాంకం ఒకటి మీ పరీక్షల్లో తప్పనిసరిగా ఉండాలి.