గావోచాంగ్ మట్టిగోడల దగ్గర ఏం చూడాలి

అందరికీ నమస్కారం.

చైనా పాత నగరాలు అనగానే చాలామందికి షియాన్ మట్టి సైనికులే గుర్తొస్తారు. ఈ సాయంత్రం అంత పేరు లేని చోటు గురించి మాట్లాడతాను. వాయవ్య చైనాలో, షిన్‌జియాంగ్‌లోని తుర్ఫాన్‌కు తూర్పున నలభై కిలోమీటర్లు దాటాక, ఒకప్పటి పట్టుదారి మీది రాజధాని గావోచాంగ్ శిథిలాలు వస్తాయి. షిన్‌జియాంగ్ రాజధాని ఉరుంచి నుంచి తుర్ఫాన్ దాకా హైస్పీడ్ రైలుంది, గంట ప్రయాణం. జూలైలో మాత్రం వెళ్లకండి. అక్కడ నలభై డిగ్రీలు దాటడం మామూలే, గోడల మధ్య నీడ దొరకదు.

వెళ్లినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "ఇంతదూరం వచ్చింది మట్టిదిబ్బలు చూడ్డానికా?" వాళ్లనీ తప్పుపట్టలేం. దిమ్మిసతో కొట్టి కట్టిన కోటగోడ చుట్టుకొలత అయిదు కిలోమీటర్ల పైనే. కొన్నిచోట్ల ఇప్పటికీ పదకొండు మీటర్ల ఎత్తు నిలబడి ఉంది. లోపలికెళ్తే మాత్రం ఏది గుడో, ఏది ఇల్లో గైడు చెప్పాల్సిందే.

యుద్ధాలు చేసినంత చేశాయి. మిగిలినదాన్ని కరిగించింది రైతులు. పాత గోడల మట్టి పొలానికి మంచి ఎరువని తవ్వి తీసుకెళ్లేవారు. కోట లోపలే కొన్నిచోట్ల చదును చేసి పంట వేశారు. 1904లో అక్కడికెళ్లిన జర్మన్ అన్వేషకుడు లెకాక్‌కు ఒక రైతు చెప్పాడట, పొలం కోసం ఓ పాత గుడి చదును చేస్తుంటే బండ్లకొద్దీ రాతప్రతులు బయటపడ్డాయని, భయపడి వాటిని ఏట్లో పారేశానని. అవి మానీ మతస్థుల గ్రంథాలు, అంటే మూడో శతాబ్దంలో పర్షియాలో మానీ అనే ప్రవక్త మొదలుపెట్టిన మతానివి. అలాంటివి ప్రపంచంలో మిగిలినవే కొన్ని! ఆ రైతును తిట్టబోయే ముందు మన ఊళ్ల పాటిదిబ్బలు గుర్తు తెచ్చుకోవాలి. పాటిమన్ను పొలాలకు తోలినప్పుడు దాంతోపాటు ఎన్ని పోయాయో ఎవరు లెక్కపెట్టారు? ఇక లెకాక్ బృందం పెకలించి బెర్లిన్ తీసుకెళ్లిన ఆ ప్రాంతపు కుడ్యచిత్రాల్లో కొన్ని రెండో ప్రపంచ యుద్ధపు బాంబులకు పోయాయి. కాపాడతామని పట్టుకెళ్లినవాళ్ల సంగతీ అంతే.

ఈ నగరంతో మనకో చుట్టరికం ఉంది. మన ధాన్యకటకానికి వచ్చి కొన్నాళ్లుండి చదువుకున్న హుయాన్‌త్సాంగ్, ఇండియాకు వస్తూ 630 ప్రాంతంలో ఇక్కడ ఆగాడు. రాజు చూ వెంతాయ్ ఆయన్ని ఇక వదలనన్నాడు. గురువుగా ఉండిపొమ్మని పట్టుపట్టాడు. భిక్షువు అన్నం మానేశాడు. మూడు రోజులకు రాజు దిగొచ్చాడు. హుయాన్‌త్సాంగ్ నెల రోజులు ధర్మం బోధించి, తిరుగు ప్రయాణంలో మూడేళ్లు ఉంటానని మాటిచ్చాకే రాజు వదిలాడు. పంపేటప్పుడు ముప్పై గుర్రాలు, దారిలోని రాజ్యాలకు 24 లేఖలు ఇచ్చాడు. ఆ మాట మాత్రం తీరలేదు. 640లో చైనాను ఏలుతున్న థాంగ్ వంశపు సేన మీదికొస్తుండగానే రాజు చనిపోయాడు, కొడుకు లొంగిపోయాడు. హుయాన్‌త్సాంగ్ వెనక్కి వెళ్లేసరికి ఆ రాజ్యమే లేదు.

ఇన్ని చెప్పినా నా సలహా ఒకటే. గావోచాంగ్ కన్నా ముందు, పక్కనే ఉన్న అస్తానా సమాధులు చూడండి. ఆ ఊరివాళ్లను పూడ్చింది అక్కడే. ఏడాదికి రెండు సెంటీమీటర్ల వాన కూడా పడని నేల కాబట్టి బట్టలు, పిండివంటలు, కాగితాలు చెడకుండా ఉన్నాయి. అప్పట్లో కాగితం ఖరీదైన వస్తువు. ఆఫీసుల్లో పనికిరాని కాగితాలు కొని, కత్తిరించి శవానికి చెప్పులు, టోపీలు కుట్టేవారు. ఒక సమాధిలోని బొమ్మల చేతులు ఎక్కడో ఉన్న థాంగ్ రాజధాని చాంగాన్‌లోని తాకట్టు కొట్టు చీటీలతో చేసినవి!

ఆ ముక్కలన్నీ అతికించి చదివితే ఊరి గొడవలన్నీ బయటపడ్డాయి. 670 ప్రాంతపు దావా ఒకటి చూడండి. మధ్య ఆసియాలో సమర్‌ఖండ్ చుట్టుపక్కలి సోగ్డియా నుంచి వచ్చిన ఒక వర్తకుడు, లీ అనే చైనా వర్తకుడికి 275 తానుల పట్టు అప్పిచ్చాడు. తర్వాత ఒంటెలు, సరుకుతో బయల్దేరి దారిలోనే పోయాడు. తమ్ముడు కోర్టుకెక్కాడు. అప్పు పత్రంలో అన్న దగ్గరున్న కాపీ అన్నతోనే పోయింది. తీసుకోలేదన్నాడు లీ. అప్పిచ్చేటప్పుడు ఉన్న సాక్షులిద్దరు వచ్చి చెప్పాక కోర్టు తమ్ముడి పక్షాన తీర్పిచ్చింది.

ఇలాంటివి నాలుగు చదువుకుని ఆ వీధుల్లోకి వెళ్లండి. దిబ్బల మధ్య అప్పులవాళ్లు, సాక్షులు, గుమాస్తాలు తిరుగుతున్నట్టే ఉంటుంది. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.