చదివింపుల బల్ల దగ్గర మర్యాద

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకోవడం ఆనవాయితీ. అవతల భోజనాలకు వేళవుతోంది కనుక మన్నించాలి. పెళ్లి ఖర్చుకి చుట్టాల్ని సాయం అడగడం తప్పా? కాదు. ఎవరిని, ఎప్పుడు, ఎలా అడిగామన్నదే ముఖ్యం.

కోనసీమలో అయినా, భీమవరం, పాలకొల్లు వైపైనా చదివింపులంటే చేబదులే. ఇవాళ రాయించిన వెయ్యి నూట పదహార్లు రేపు వాళ్లింటి శుభకార్యానికి తిరిగి వెళ్లాలి. అందుకే పుస్తకం పక్కాగా ఉండాలి. బల్ల దగ్గర ఇద్దరు కూర్చోవాలి, ఒకరు లెక్కపెట్టడానికి, ఒకరు రాయడానికి. ఇంటిపేరు, పేరు, ఊరు, మొత్తం రాయాలి. ఊరు వదిలేస్తే అంతే సంగతులు. ఒకే ఇంటిపేరుతో నలుగురు సత్యనారాయణలుంటారు, పదేళ్ల తర్వాత ఎవరికి పెట్టాలో తేలదు. కవరు అక్కడ విప్పకూడదు. దానిమీద వరస నంబరు వేసి, అదే నంబరు పుస్తకంలో రాయాలి. కవరు మీద పేరు లేకపోతే మనిషి ఎదురుగా ఉండగానే అడగాలి. ఫోన్‌పేలో వేస్తే కొడుకు పేరో, భార్య పేరో కనిపిస్తుంది. చదివించిన మనిషి పేరు వెంటనే చేత్తో రాయాలి. పేజీ నిండగానే కూడిక వేసి ఫొటో తీయాలి. అన్నదమ్ములు వేరుపడితే తలా ఒక జిరాక్సు ఉండాలి.

అన్నట్టు మైకు. అమ్మా, అయ్యా, దండం పెట్టి అడుగుతున్నాను, చదివింపులు మైకులో చదివించకండి. ఐదు వేల పేరు వెనకే నూట పదహార్ల పేరు వినిపిస్తే, ఆ కూలి మనిషికి ముద్ద దిగుతుందా? పరువు కోసం వడ్డీకి తెచ్చి రాయించేవాళ్లు ఉన్నారు. ఆ పాపం ఎవరిది?

దగ్గరివాళ్లను ముహూర్తం పెట్టుకున్న వారంలోనే, ఇంటికెళ్లి అడగండి. డబ్బు మాట ఎత్తకుండా వస్తువు చెప్పండి. "మావయ్యా, బియ్యం నీది", "అన్నయ్యా, షామియానా, కుర్చీలు నువ్వు చూసుకో" అంటే వాళ్లకీ గౌరవం. నూరు మందికి పది పన్నెండు కిలోల బియ్యం సరిపోతుంది. ఎనిమిది వందల మందికి క్వింటా చాలు. అంతే అడగండి. మాఘంలో సార్వా పంట డబ్బు, వైశాఖంలో దాళ్వా పంట డబ్బు చేతిలో ఆడుతుంది. శ్రావణం పెళ్లికి మాత్రం రైతుని అడగొద్దు, ఉన్నదంతా అప్పుడే నాట్లకి పెట్టి ఉంటాడు.

పెళ్లికొడుకు తరఫువారు వియ్యాలవారిని అడగనే కూడదు. 1961 వరకట్న నిషేధ చట్టం కింద అది నేరం. అడగకుండా వచ్చిన కానుకలకు కూడా 1985 నిబంధనల ప్రకారం జాబితా ఉండాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి సంతకాలు పెట్టాలి.

మళ్లీ మైకు దగ్గరికే వస్తున్నాను. ఇప్పుడు శుభలేఖ మీద ఫోన్‌పే స్కానర్ అచ్చేస్తున్నారు, అదీ మైకులాంటిదే. బొట్టు పెట్టి పిలిచిన చేత్తోనే డబ్బు అడిగినట్టు. మాఘం పెళ్లిళ్ల కార్డులు ఇంకా అచ్చుకి వెళ్లనివాళ్లు ఈ సభలో ఉన్నారు. బయటికి వెళ్లగానే ప్రెస్సుకి ఫోన్ చేసి ఆ స్కానర్ తీయించెయ్యండి.