బండికి రెండో బ్యాటరీ: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

(విజయవాడ ఆటోనగర్‌లో ఫోర్ బై ఫోర్ బండ్లవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం కూడా ఇంత దూరం వచ్చినందుకు థాంక్స్. షెడ్డు మూసుకుని వచ్చిన మెకానిక్ సోదరులకి మరీ మరీ థాంక్స్. ఈ విషయంలో నేను చెప్పేదానికంటే మీ చేతులు చేసేదే ఎక్కువ.

థార్ ఉన్నవాళ్లు, జిమ్నీ ఉన్నవాళ్లు, పాత జిప్సీని ప్రాణంగా చూసుకునేవాళ్లు, ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, రెండో బ్యాటరీ పెట్టిద్దామనుకుంటున్నా, ఎన్ని ఏహెచ్‌ది కొనమంటావు?" ఏహెచ్ అంటే యాంప్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత. రాత్రి బండి ఆపాక ఏమేం నడుపుతారని నేను తిరిగి అడుగుతాను. చాలామంది అక్కడ ఆగిపోతారు. అనవసరమైన ఖర్చు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. లోడు లెక్క తెలిసినవాడికి చిన్న బ్యాటరీ సరిపోతుంది. అలా మిగిలిన డబ్బు వైరులో, ఫ్యూజులో పెట్టాలి. మన బండ్లలో ఇది తలకిందులుగా ఉంటోంది. డిక్కీలో భారీ బ్యాటరీ, దానికి ముందు నుంచి వచ్చే వైరేమో హారన్‌కి వేసేంత సన్నం.

అసలు రెండోది ఎందుకు? సెల్ఫ్ కొట్టినప్పుడు డీజిల్ ఇంజన్ కొన్ని వందల యాంపులు లాగుతుంది, అదీ రెండు మూడు సెకన్లు. ఆ పని కోసమే బండి బ్యాటరీలో ప్లేట్లు సన్నగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. దాని మీద రాత్రంతా ఫ్రిజ్ నడిపి పూర్తిగా దించేస్తే, అలా కొన్నిసార్లకే వీక్ అయిపోతుంది. ఊళ్లో అయితే పక్క బండితో జంప్ చేసుకుంటాం. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు, సిగ్నల్ లేని చోట తెల్లారి సెల్ఫ్ తిరగకపోతే ఏం చేస్తాం? ఆటోమేటిక్ గేర్ బండి అయితే తోసి స్టార్ట్ చేసే వీలు కూడా లేదు.

అయితే అందరికీ రెండో బ్యాటరీ అక్కర్లేదు. మీరు నడిపేది రెండు ఎల్ఈడీ లైట్లు, నాలుగు ఫోన్లే అయితే బండి వైరింగ్ ముట్టుకోవద్దు. ఒక చిన్న పోర్టబుల్ పవర్ స్టేషన్, బ్యాటరీ దిగిపోయిన బండిని స్టార్ట్ చేసే ఒక జంప్ స్టార్టర్ చాలు. ఇంట్లో కరెంటు పోయినప్పుడు కూడా అవి పనికొస్తాయి. ఫ్రిజ్, ఫ్యాన్ నడపాలన్నా, ఒకేచోట రెండు మూడు రోజులు ఉండాలన్నా, అప్పుడు రెండో బ్యాటరీ గురించి ఆలోచించండి.

ఇప్పుడు లెక్క. కాగితం ఉంటే రాసుకోండి. 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు సుమారు 45 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 4 యాంపుల దాకా తీసుకుంటుంది. ఎప్పుడూ తిరగదు, చల్లబడ్డాక ఆగుతుంది. మన ఎండాకాలంలో సగం సేపు తిరుగుతుందనుకుంటే సగటున 2 యాంపులు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా 13 గంటలు, 26 యాంప్ అవర్లు. 15 వాట్ల ఫ్యాన్ ఎనిమిది గంటలకి 10. టెంటు లైటు 10 వాట్లది నాలుగు గంటలకి మూడు చిల్లర. ఫోన్లకి ఇంకో మూడు. మొత్తం 43 దాకా వచ్చింది. 45 అనుకుందాం.

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు. అంటే దీనికి 90 నుంచి 100 ఏహెచ్ కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, 60 ఏహెచ్ చాలు. ఫ్యాన్ మానేస్తే, ఫ్రిజ్‌ని ఇంట్లోనే ముందురోజు రాత్రి కరెంటు మీద చల్లబరిచి సామాను కూడా చల్లగా సర్దితే, ఇంకా తగ్గుతుంది. ఈ ఒక్క అలవాటుకి పైసా ఖర్చు లేదు.

మరి లెడ్ యాసిడా, లిథియమా? లిథియం రెండు వేల సార్లు, ఆ పైన కూడా చార్జింగ్ తట్టుకుంటుంది, బరువు సగం కంటే తక్కువ, అందరూ చెప్పేదే, నిజమే. కానీ ఏడాదికి ఆరేడు సార్లు బయటికి వెళ్లేవాడికి ఆ రెండు వేల సార్లు ఎప్పటికి పూర్తవుతాయి? అలాంటివాళ్లకి మంచి వీఆర్ఎల్ఏ బ్యాటరీ, అంటే నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ రకం, తక్కువ ఖర్చులో అయిపోతుంది. నెలకి రెండుసార్లు తిరిగేవాళ్లకి, బరువు మీద పట్టింపు ఉన్న జిమ్నీ లాంటి చిన్న బండ్లకి లిథియం పెట్టడం న్యాయం.

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా, అదే పెడితే అని కొందరు అడుగుతారు. వద్దు. ఇన్వర్టర్లకి వాడే ట్యూబులర్ బ్యాటరీ ఒకచోట నిలబడి పనిచేయడానికి చేసింది. 150 ఏహెచ్‌ది యాభై కిలోలు దాటుతుంది, ఎత్తుగా ఉంటుంది, రాళ్ల దారిలో యాసిడ్ చిమ్ముతుంది. పైగా చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అద్దాలు మూసిన క్యాబిన్‌లో అది ఉండకూడదు. పాత సామాను మార్కెట్లో దొరికే సెల్‌ఫోన్ టవర్ బ్యాటరీలు, ఈ-రిక్షా నుంచి పీకిన లిథియం ప్యాకులు కూడా అంతే. లోపల ఏ సెల్లు ఏ స్థితిలో ఉందో అమ్మేవాడికే తెలియదు. పిల్లలు కూర్చునే సీటు వెనక అలాంటిది పెట్టకండి.

రెండు బ్యాటరీలనీ కలిపే సాధనం దగ్గర జాగ్రత్తగా వినండి. అన్నిటికంటే చవక, చేత్తో తిప్పే కటాఫ్ స్విచ్. పనిచేస్తుంది, కానీ రాత్రి తిప్పడం మర్చిపోతే రెండూ కలిసి దిగిపోతాయి. ఆ తర్వాత ఇగ్నిషన్‌తో పనిచేసే సోలినాయిడ్, అంటే కరెంటు అందగానే తనే కలిపే పెద్ద స్విచ్. ఇక్కడ చాలా షెడ్లలో సెల్ఫ్ మోటారు సోలినాయిడ్‌నే తెచ్చి బిగిస్తారు. దాని కాయిల్ కొన్ని సెకన్లు ఆన్‌లో ఉండటానికి చుట్టింది. గంటల తరబడి ఆన్‌లో ఉంటే కాలిపోతుంది. కంటిన్యువస్ డ్యూటీ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఐసొలేటర్ అయితే 0.6, 0.7 వోల్టులు తనే తినేస్తుంది, రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

వోల్టేజ్ చూసి తనంతట తనే కలిపే రిలే ఉంటుంది, వీఎస్ఆర్ అంటారు. ముందు బ్యాటరీ 13.3 వోల్టుల దాకా వస్తే కలుపుతుంది, 12.8కి పడితే విడగొడుతుంది. మోడల్‌ని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి. రెండు బ్యాటరీలూ లెడ్ యాసిడ్ అయి, పాత రకం డైనమో, అంటే ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే భాగం, ఉన్న బండి అయితే నా ఓటు దీనికే. ఖర్చు వేలల్లో ఉంటుంది, పదివేలు దాటక్కర్లేదు.

కానీ బీఎస్ 6 వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ నుంచి, స్మార్ట్ డైనమోలు ఎక్కువయ్యాయి. ముందు బ్యాటరీ నిండగానే డీజిల్ ఆదా కోసం వోల్టేజ్ తగ్గించేస్తాయి. అప్పుడు వీఎస్ఆర్ విడిపోయి కూర్చుంటుంది, మీరు మూడొందల కిలోమీటర్లు నడిపినా వెనక బ్యాటరీ సగమే. ఇలాంటి బండికి, లిథియం పెట్టే ప్రతి బండికి, డీసీ టు డీసీ చార్జర్ తప్పదు. వచ్చే వోల్టేజ్ ఎంతున్నా అది తనకి కావలసినంత పెంచుకుంటుంది. లిథియం ఎంత ఇస్తే అంత లాగుతుంది కాబట్టి, డైనమో వేడెక్కి కాలిపోకుండా యాంపులకి హద్దు కూడా పెడుతుంది. మొత్తం సెటప్‌లో ఖరీదైన వస్తువు ఇదే కావచ్చు. కొనే ముందు మీ బండికి అది నిజంగా కావాలో లేదో తెలుసుకోండి.

ఎలాగంటారా? సిగరెట్ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ కొన్ని వందల రూపాయలకి వస్తుంది. అది పెట్టి గుంటూరు దాకా వెళ్లి రండి. దారంతా 13.8 నుంచి 14.4 మధ్యే ఉంటే మీది పాత పద్ధతి డైనమో. కాసేపటికి 12.6, 12.8కి జారి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పైకి లేస్తుంటే స్మార్ట్ రకం. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దని నా విన్నపం. ఇంకో మాట. చాలా కొత్త బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీదే, బ్యాటరీలోకి వచ్చి పోయే కరెంటుని లెక్కపెట్టే ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. మీ కొత్త ఎర్త్ వైరుని ఆ టెర్మినల్‌కి కాకుండా ఛాసిస్‌కి ఇవ్వండి, లేకపోతే దాని లెక్క తప్పుతుంది. వారంటీ ఉన్న బండి అయితే కంపెనీ వైరింగ్‌ని ఎక్కడా కోయకండి, విడిగా లైను లాగించండి.

ఇక వైరు. బానెట్ నుంచి డిక్కీకి 5 మీటర్లు అనుకుందాం, ఎర్త్ వైరు కూడా అంతే దూరం నడిపితే 10. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 30 యాంపులు పంపితే దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 14.2తో బయలుదేరింది 13.3గా చేరుతుంది, దానితో లెడ్ యాసిడ్ నిండదు. అదే 16 స్క్వేర్ వేస్తే నష్టం 0.35 దగ్గర ఆగుతుంది. విడి వైరు కాకుండా వెనకే ఛాసిస్‌కి మంచి ఎర్త్ ఇస్తే ఇంకా తక్కువ. వించ్, అంటే ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం, ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. పూర్తి లోడు మీద అది నాలుగొందల యాంపులు కూడా లాగుతుంది, దాని వైరు వేరు, దాని దారి వేరు.

కొనేటప్పుడు షాపులోనే చివర ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అదే మందంలో అసలు రాగి మోసినంత మోయదు, ఊగే బండిలో జాయింట్ల దగ్గర తొందరగా విరుగుతుంది. లగ్గు, అంటే వైరు చివర బిగించే లోహపు కొన, సుత్తితో కొట్టించకండి, హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న షెడ్డులో నొక్కించండి. ఆ తర్వాత మీరే గట్టిగా లాగి చూడండి. ఫ్యూజు రెండు చివర్లా ఉండాలి, ప్రతి బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే. వైరు మధ్యలో ఎక్కడో రేకుకి ఒరుసుకుని షార్టు అయితే రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది, ఒక చివర ఫ్యూజు ఉండి లాభం లేదు. రేకులోంచి వైరు వెళ్లే ప్రతి రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ వేయించండి. నలభై యాభై రూపాయల దగ్గర బేరాలాడి బండి తగలబెట్టుకోవద్దు.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలి? మే నెలలో మన విజయవాడ ఎండకి బానెట్ కింద వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. వేడి పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగం పోతుంది. లిథియం అయితే అక్కడ పెట్టనే కూడదు. డిక్కీలో అడుగున, ఛాసిస్‌కి బోల్టులు దిగిన ట్రేలో బిగించాలి. బెల్టు ఒక్కటి కట్టి వదిలేస్తే గుంతలో పడ్డప్పుడు ముప్పై కిలోల బ్యాటరీ మనిషి వీపు మీదికి వస్తుంది. ట్రే చేయించడానికి ఆటోనగర్ కంటే మంచి చోటు ఎక్కడుంది? కొలత ఇస్తే సాయంత్రానికి చేతికిస్తారు.

చార్జింగ్ గురించి ఒక్క మాట. ఇక్కడి నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక చేరడానికి రెండు గంటలు పైనే. 20 యాంపుల డీసీ టు డీసీ చార్జర్ ఆ టైములో లిథియంకి 40 యాంప్ అవర్లు ఇస్తుంది. లెడ్ యాసిడ్ 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది, చివరి భాగానికి గంటలు పడుతుంది. అందుకే ఇంటికి రాగానే ఇంటి చార్జర్‌కి తగిలించి పూర్తిగా నింపాలి, సగంలో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. రెండు మూడు రోజులు ఒకేచోట ఉండేవాళ్లు రెండో బ్యాటరీ సైజు పెంచే బదులు 100 వాట్ల సోలార్ ప్యానల్ తీసుకోండి, మంచి ఎండలో రోజుకి 25, 30 యాంప్ అవర్లు వస్తాయి. సముద్రం ఒడ్డుకి వెళ్లొచ్చాక టెర్మినల్స్ తుడిచి పెట్రోలియం జెల్లీ రాయడం మర్చిపోకండి.

ఇప్పుడు బయటికి వెళ్దాం. రెండు బ్యాటరీలున్న బండ్లు కొన్ని వచ్చాయి. ఇంజన్ ఆన్ చేసి, మీటరు ఒక ముల్లు ముందు బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకో ముల్లు వెనక బ్యాటరీ పాజిటివ్ మీద పెడదాం. వీఎస్ఆర్ ఉన్న బండిలో అక్కడ చూపించే వోల్టేజే ఆ లైనులో పోతున్న నష్టం. అర వోల్టు దాటిందంటే వైరో, లగ్గో, రిలేనో, ఏది వేడెక్కుతోందో చెయ్యి పెట్టి వెతుకుదాం. మీటర్లు తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి.